గొంతులు కావలెను (టీకా తాత్పర్య సహితము)

మూలము

గొంతులు కావలెను. రాయల చరిత్ర పుస్తకమును వేదికపై చదివి వినిపించుటకు రాయలు 1, తిమ్మరుసు 1, రాణులు 2, పరదేశీయులు 2. అనుభవము అక్కరలేదు. పారితోషికము లేదు. టీ కలదు.

అవతారిక

తిరుపతిలో ఒక చిన్న నాటక బృందం వాట్సాప్‌లో వదిలిన గద్యమిది. ఫార్వర్డు అయిన గ్రంథాలకు కర్త ఉండడు గనుక కర్తృనిర్ణయం జోలికి పోము. ఆధారగ్రంథం మాత్రం ప్రసిద్ధం: మద్రాసు సివిల్ సర్వీసు అధికారి రాబర్ట్ స్యూయల్ 1900లో అచ్చు వేయించిన ‘ఎ ఫర్గాటెన్ ఎంపైర్’. డొమింగో పేస్, ఫెర్నావ్ నూనిజ్ అనే పోర్చుగీసువాళ్ల రాతలు అందులో ఉన్నాయి.

ప్రతిపదార్థము

గొంతులు = కంఠములు; మనుషులు కూడా వెంట రావలెనని లక్ష్యార్థము. కావలెను = ఇంతవరకు దొరకలేదు. రాయలు 1 = ఒక్కరే; వచ్చేవారందరూ తామే అనుకొందురు. అనుభవము అక్కరలేదు = అది ఉన్నవారు రారు. పారితోషికము లేదు = స్వభావోక్తి. టీ కలదు = కొన్ని ప్రతులలో ‘టీ, మసాలా వడ కలదు’ అని పాఠాంతరము; అది ప్రక్షిప్తమని కోశాధికారి మతము.

టీక

‘రాయలు’: ఇక్కడ పూర్వపక్షం బలమైనది. కృష్ణదేవరాయలంటే ఎన్టీఆర్ అని లోకప్రమాణం. ‘తెనాలి రామకృష్ణ’ (1956), ‘మహామంత్రి తిమ్మరుసు’ (1962) చూసిన కళ్లకు ఇంకో రాయలు ఆనడు. పేస్ సాక్ష్యం వేరు: మధ్యస్థమైన ఎత్తు, పచ్చని ఛాయ, సన్నం కంటే లావు వైపే మొగ్గిన ఒళ్లు, ముఖాన మశూచి మచ్చలు. తెల్లవారకముందే నువ్వుల నూనె తాగి, ఒంటికీ పట్టించి, అది చెమటతో బయటికి వచ్చేదాకా బరువులెత్తి కత్తి తిప్పేవాడట. గొంతు గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. కానీ ఉల్లాసంగా ఉండే మనిషనీ, ఉన్నట్టుండి కోపం ముంచుకొస్తుందనీ రాశాడు. పరీక్షకు ఆ మాట చాలు. చదివి వినిపించేచోట ఆహార్యం లేదు, ఆంగికం అరకొర, మిగిలింది వాచికం. కిరీటం కొలతలు పక్కనబెట్టి, నవ్వుతున్న గొంతు ఎంత తొందరగా ఉరుముతుందో చూడవలె.

‘తిమ్మరుసు’: అందరూ ఆ సినిమాలో తిమ్మరుసు వేసిన గుమ్మడినే అనుకరిస్తారు, మొదటి వాక్యం నుంచే వణుకుతారు. ఇది దోషం. రాయల కళ్లు తీసినట్టు మేక కళ్లు చూపించి, వాటిని కాపాడింది తిమ్మరుసేనని నూనిజ్ రాశాడు. తర్వాత అదే రాయలు ఆయన కళ్లు తీయించాడని రాసిందీ నూనిజే. కళ్లు పోకముందే గొంతు వణకరాదు.

‘రాణులు’: ఆడగొంతులు దొరకవని ఎవరైనా అంటే అది పాత వంక. చిత్తూరు నాగయ్య రంగస్థలం మీద చిత్రాంగిగా ఆడవేషం వేసిన రోజులు దాటిపోయాయి. అసలు చిక్కు వేరు: పుస్తకంలో రాణులకు మాటలు లేవు. తిరుమల శాసనాల్లో మాత్రం తిరుమలదేవి, చిన్నాదేవి స్వామి పాల ఆరగింపుకు బంగారు గిన్నెలు ఇచ్చారని ఉంది. ఆ శాసనపాఠాలే వారి సంభాషణలు కావలె.

‘పరదేశీయులు’: వచ్చీరాని తెలుగుతో నవ్వించరాదు. పేస్ చూసి ఆశ్చర్యపోయేవాడు, సాగదీసి చదవవలె. నూనిజ్ గుర్రాల బేరగాడు. మదనపల్లె టమాటా మండీలో వేలంపాట పాడే గొంతు దొరికితే ఆడిషన్ ఆపేయవచ్చు.

శంక

రాయలు చిత్తూరు యాసలో మాట్లాడవచ్చునా? దర్శకుడు కూడదంటాడు, ఆయన చెవిలో సినిమా మోగుతూ ఉంటుంది. ఒక అభ్యర్థి అడిగినాడు: ‘ఏం సామీ, రాయలోరు కొండకి ఏడు తూర్లు వచ్చిండే మనిషి గదా, మన మాదిరి మాట్లాడితే ఏం పోతాది?’

సమాధానము

1513లో మొదటిసారి తిరుమల కొండకు వచ్చినప్పటి దానాలను రాయలు తెలుగు, తమిళ, కన్నడ భాషలు మూడింటిలో చెక్కించినాడు. పుత్తూరు, నగరి పక్క తమిళపు తీరు, కుప్పం పక్క కన్నడపు వాసన కలిసిన గొంతులు ఈ సీమవి. మూడు భాషల్లో చదువుకోమన్న రాజు నోట ఒకే యాస పెట్టడం శాసనవిరుద్ధం. అభ్యర్థి మాటే సిద్ధాంతం.

న్యూనత

మూలంలో ఒక పాత్ర లేదు. కృష్ణరాయలు తమ్ముడు అచ్యుతుణ్ణి చంద్రగిరి కోటలో బంధించి ఉంచాడని నూనిజే అంటాడు. 1529లో ఆ బందీయే రాజై తిరుమలలోనూ, శ్రీకాళహస్తిలోనూ పట్టాభిషేకం చేసుకున్నాడు. పక్క ఊళ్లో ఏళ్లతరబడి నోరు మూసుకుని కూర్చున్న మనిషికి తిరుపతి వేదిక మీద ఒక్క వాక్యమైనా ఇవ్వకపోవడం క్షమించరానిది.

తాత్పర్యము

చరిత్ర పుస్తకానికి గొంతులు వెతికేవారు ముఖాలు చూడరాదు; సినిమా గుర్తు చేసుకోరాదు; యాస దిద్దరాదు. పుస్తకం చెప్పిన కోపాన్నీ, బేరాన్నీ, మౌనాన్నీ పలకగలిగినవారికే పాత్ర ఇవ్వవలె. రాయలు పాత్ర దొరకనివారు అలిగి వెళ్లిపోక, అచ్యుతరాయల కోసం పట్టుబట్టవలసినదని ప్రార్థన.