ముందొచ్చిన చెవులు

రైల్వేలో ప్యాసింజరు బండి స్థానం పెళ్లింట్లో పెళ్లికొడుకు మేనమామగారి తోడల్లుడి స్థానం. రాకపోతే ఎవరూ గమనించరు. వస్తే ఎక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తోచదు. ‘కాస్త ఇలా పక్కన నిలబడండి, పెద్దవాళ్లొస్తున్నారు’ అంటారు. ఆ పక్కకే రైల్వేవాళ్లు లూప్‌లైను అని పేరు పెట్టారు.

మాది ఆకివీడు పక్క. విజయవాడ నుంచి గుడివాడ, కైకలూరు మీదుగా భీమవరం పోయే లైను. అటు చేపల చెరువులు, ఇటు వరి చేలు, మధ్యలో పట్టాలు. కొల్లేరు గాలి కిటికీలోంచి ఊరికే వస్తుంది. అందులో కాస్త నీచు వాసన కలిపినందుకు అదనపు చార్జీ లేదు. సీజన్ టికెట్టు జేబులో పెట్టుకుని ఉద్యోగానికి అప్ అండ్ డౌన్ చేసే జనంలో నేనూ ఒకణ్ణి. కాబట్టి ప్యాసింజరు బండి బాగుపడటాన్ని నేను పేపర్లో చదవలేదు. బండిలో ఉండి, ఎక్కువ భాగం నిలబడి, కళ్లారా చూశాను.

ఒకప్పుడు మాది సింగిల్ లైను. ఎదురెదురుగా వచ్చే రెండు బళ్లలో ఒకటి స్టేషన్లో ఒదిగి రెండోదానికి దారివ్వాలి. దాన్ని క్రాసింగ్ పడటం అంటారు. ఏది ఒదగాలన్నది కంట్రోలర్ నిర్ణయిస్తాడని చెబుతారు గానీ, మా బండి విషయంలో ఆయన బుర్ర పెట్టాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు. క్రాసింగ్ పడితే మేం బండి దిగి టీ తాగేవాళ్లం. పెద్ద క్రాసింగైతే పేపరు వధూవరుల ప్రకటనలతో సహా చదివి, ఆ వధువుల్లో ఒకరికి బండిలోనే సంబంధం చూసేవాళ్లం. వచ్చే బండి కోసం స్టేషన్లో కాసుకుని ఉన్నవాళ్ల మాటలు ఇలా ఉండేవి:

‘‘బండెక్కడుందండీ?’’

‘‘ఉండి స్టేషన్లో ఉందండి.’’

‘‘ఇందాకా అక్కడే ఉందన్నారు గదండీ?’’

‘‘ఆయ్. ఉండిపోయిందండి.’’

ఈ బాధ చూడలేక ప్రభుత్వం రెండో లైను వేయిస్తానంది. విజయవాడ నుంచి గుడివాడ, భీమవరం మీదుగా నరసాపురం దాకా, గుడివాడ నుంచి మచిలీపట్నం దాకా, భీమవరం నుంచి నిడదవోలు దాకా, మొత్తం 221 కిలోమీటర్లు. రెండో లైనుతోపాటు పైన కరెంటు తీగలు కూడా. పని పెద్దదే, కాదనను. అయితే లైను బాగుచేసేటప్పుడు బళ్లు ఆపాలి. ఎక్స్‌ప్రెస్‌ల సంగతి తేలికే, వేరే దారిన మళ్లిస్తారు. ప్యాసింజర్ని మళ్లించడం కుదరదు. ఆకివీడు బండిని ఏలూరు మీదుగా తిప్పితే దార్లో ఆకివీడు తగలదు గదా! అందుకని ఏకంగా రద్దు చేస్తారు. ‘నాన్ ఇంటర్‌లాకింగ్ పనుల కారణంగా పలు ప్యాసింజరు రైళ్లు రద్దు’ అన్న వార్త ఆ రోజుల్లో మాకు పంచాంగంలో వర్జ్యంతో సమానంగా చూసుకోవాల్సిన విషయం. ఆ 221 కిలోమీటర్ల అభివృద్ధిలో మా వంతు శ్రమదానం ఏమిటంటే, ఇంట్లో కూర్చోవడం.

పనులైపోయాయి. ఎదురుబండికి దాని లైను దానిది, మా లైను మాది. ఇంక క్రాసింగ్ అనే మాట మనవలకు కథగా చెప్పుకోవాలని సంబరపడుతూ ఎక్కాం. పేరెందుకు గానీ, ఒక స్టేషన్లో బండి మెల్లగా పక్కకి తిరిగి ఆగింది. మా పెట్టెలో పెద్దదిక్కు ఒక మాస్టారున్నారు. రిటైరయ్యారు గానీ పాఠం చెప్పడం మానలేదు.

‘‘ఇదేంటి మాస్టారూ, రెండు లైన్లుండగా ఆపేశాడు? ఎదురొచ్చే బండి ఆ లైన్లో పోద్ది గదండీ!’’

‘‘ఎదురొచ్చేది కాదు బాబూ. వెనకొచ్చేది.’’

ఆయన మాట పూర్తికాకుండానే మెయిన్ లైన్లో ఒక సూపర్‌ఫాస్ట్ దుమ్ము రేపుకుంటూ పోయింది. ముందొచ్చిన చెవులకన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని మనవాళ్లు ఊరికే అనలేదు. సింగిల్ లైను రోజుల్లో ఎదురొచ్చేవాడి మొహమైనా కనిపించేది. ఇప్పుడు వీపు మాత్రమే చూస్తున్నాం.

మాస్టారు లెక్కల మాస్టారు కావడంతో దీని వెనకున్న సూత్రం కూడా విప్పారు. అన్ని బళ్లూ ఒకే వేగంతో నడిస్తే ఎవరూ ఎవర్నీ అందుకోరు, ఎవరూ ఎవరికీ పక్కకి తప్పుకోనక్కర్లేదు. లైను బాగుపడేకొద్దీ వెనకబండి వేగం పెరుగుతుంది. ప్రతి ఊళ్లోనూ ఆగాల్సిన మా బండి వేగం అంతగా పెరగదు. తేడా ఎంత పెరిగితే వెనకబండి మమ్మల్ని అంత తొందరగా అందుకుంటుంది, మేం అంత తొందరగా లూప్‌లైన్లో దూరాలి. అంటే, లైను బాగుపడ్డందువల్లే మేం ఆగుతున్నాం. ఇది విన్నాక పెట్టెలో ఎవరూ లైనుని ఇంకా బాగుచెయ్యమని అడగలేదు.

దారివ్వడంలో రైల్వేకి ఒక వరస ఉంది. ప్రమాద స్థలానికి పోయే సహాయక రైలు అన్నిటికన్నా ముందు. అది న్యాయమే. ఆ తర్వాత పెద్దపెద్ద పేర్లున్న బళ్లు, సూపర్‌ఫాస్ట్‌లు, మెయిళ్లు, ఎక్స్‌ప్రెస్‌లు, వాటి తర్వాత మేం. మా కింద గూడ్సుబళ్లు ఉన్నాయి గదా అని కొంతకాలం మీసం తిప్పాం. 2022 వేసవిలో దేశంలో కరెంటు కేంద్రాలకి బొగ్గు చాల్లేదు. బొగ్గు బళ్లకి దారివ్వడం కోసం దేశంలో వందల ప్యాసింజరు ట్రిప్పులు రద్దయ్యాయి. ఇంట్లో ఫ్యాన్ తిరగాలంటే మనిషి ఇంట్లోనే ఉండాలన్నమాట. లెక్క సరిపోయింది.

బొగ్గుకే కాదు, ప్యాసింజరు బండి ప్రపంచ యుద్ధానికి కూడా దారిచ్చింది. కాకినాడ–కోటిపల్లి లైను సంగతి మా గోదావరి జిల్లాల వాళ్లకి తెలుసు. 45 కిలోమీటర్లు. 1928లో బళ్లు మొదలయ్యాయి. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి పట్టాలు పీకి యుద్ధావసరాలకి పట్టుకుపోయారు. హిట్లరు పోయాడు, తెల్లవాళ్లు పోయారు, కోటిపల్లి బండి మాత్రం మళ్లీ కదిలింది 2004లో. అరవై ఏళ్లు దాటిన క్రాసింగ్ అది! తీరా వచ్చింది రైల్‌బస్సు. యుద్ధానికి రైలునిచ్చి బస్సు పుచ్చుకున్న జనం ప్రపంచంలో మేమే అయ్యుంటాం.

బండిని బాగుచెయ్యడం కష్టమనిపించినప్పుడు దాని పేరు బాగుచేస్తారు. కరోనాకి 2020 మార్చిలో బళ్లన్నీ ఆగిపోయాయి. తిరిగొచ్చేసరికి మా ప్యాసింజరు ‘ఎక్స్‌ప్రెస్ స్పెషల్’ అయి కూర్చుంది. అవే పెట్టెలు, అదే లూప్‌లైను. మారిందల్లా చార్జీ. కనీసం 10 రూపాయలున్న టికెట్టు 30 అయింది. పైగా కొన్ని చిన్న స్టేషన్లలో ఆగడం మానేసింది. ఎక్కేవాళ్లున్నచోట ఆగకుండా, ఎవరూ ఎక్కని లూప్‌లైన్లలో ఆగడం ఎక్స్‌ప్రెస్ లక్షణమని అప్పుడే తెలిసింది. సగటున గంటకి 55 కిలోమీటర్లు నడిస్తే ఆ బండిని సూపర్‌ఫాస్ట్ అంటారు, సెకండ్ క్లాసులో 15 రూపాయలు అదనంగా పుచ్చుకుంటారు. అక్కడ వేగానికి డబ్బు. మా దగ్గర పేరుకే డబ్బు. 2024 ఫిబ్రవరిలో దయతలచి మళ్లీ 10 రూపాయలకి దించారు. ‘‘ఎక్స్‌ప్రెస్ హోదా పోయిందండీ’’ అన్నాడు మా పెట్టెలో కుర్రాడొకడు. ‘‘హోదా పోతే పోయింది, చిల్లర మిగిలింది గదరా’’ అన్నారు మాస్టారు.

పేరయ్యాక నంబరు. స్పెషల్ బళ్ల నంబర్లకి ముందు సున్నా ఉంటుంది. మా బండి ఆ సున్నాని నెత్తిన పెట్టుకుని ఏళ్లతరబడి తిరిగింది. 2025 జనవరి 1న సున్నా తీసేసి 5, 6, 7 అంకెలతో మొదలయ్యే మామూలు నంబర్లిచ్చారు. కొత్త సంవత్సరం రోజున సున్నా పోవడం శుభసూచకమని మేం స్వీట్లు కూడా పంచుకున్నాం, బండి ఆగి ఉంది కాబట్టి అందరికీ అందాయి. అంతకుముందే, 2022 జనవరిలో, గార్డుగారి హోదా ‘ట్రైన్ మేనేజర్’ అయింది. జీతం మారలేదు, పని మారలేదు, చేతిలో పచ్చజెండా మారలేదు. మేనేజరంటే ఎర్రలైటు ముందు ఓపిగ్గా నిలబడేవాడని మా ఆఫీసు చూసినవాడిగా నేనెప్పుడో గ్రహించాను.

అన్నీ వెక్కిరింపులేనా, మంచేమీ లేదా అంటారేమో. ఉంది. దాని పేరు మెమూ. పాత ప్యాసింజర్‌కి ఇంజను ముందుండేది. చివరి స్టేషన్ చేరాక దాన్ని ఊడదీసి, అవతలి లైను మీదుగా తిప్పుకొచ్చి, రెండోకొసకి తగిలించేవాళ్లు. మెమూకి రెండు కొసలా డ్రైవరు గది ఉంటుంది. ఆయన చేతిసంచి పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకి నడిస్తే చాలు, బండి తిరిగినట్టే. కొత్త త్రీఫేజ్ మెమూల్లో మరుగుదొడ్లున్నాయి, కెమెరాలున్నాయి. గంటకి 110 కిలోమీటర్ల దాకా పోగలవు. అన్నిటికన్నా ముఖ్యం, ఆగినచోటు నుంచి చటుక్కున వేగం అందుకుంటాయి. మాటిమాటికీ ఆగే బండికి కావల్సిన గుణం అదే. దానివల్ల మాకు ఒరిగిన లాభం: వెనకటికన్నా ముందే లూప్‌లైనుకి చేరుకుంటున్నాం.

ఇంత జరిగినా మా బండి విజయవాడకి చాలాసార్లు టైముకే చేరుతుంది. ఈ మాయ కాస్త వివరించాలి. బండి సమయం పాటించిందా లేదా అన్నది గమ్యం చేరిన వేళను బట్టి లెక్క. అందుకని విజయవాడ ఇంక అల్లంత దూరంలో ఉందనగా, ఆ కాస్త దూరానికీ టైమ్‌టేబుల్లో బారెడు టైమిస్తారు. దారిపొడుగునా మూటగట్టుకున్న ఆలస్యమంతా అక్కడ కృష్ణార్పణం. ఆలస్యంగా నడిచిన రోజున మేం టైముకి చేరతాం. టైముకి నడిచిన రోజున ఊరి పొలిమేరలో ఆగుతాం, ప్లాట్‌ఫారం ఖాళీ లేక. మొదటి రోజున ఆఫీసులో ఆలస్యానికి కారణం చెప్పనక్కర్లేదు. రెండో రోజున చెప్పినా నమ్మరు.

ఆలస్యాన్ని తీసెయ్యలేనప్పుడు దాన్ని సుఖంగా గడపనివ్వాలి. ఆ మేరకు అమృత్ భారత్ పథకం వచ్చింది. 2023 ఆగస్టు 6న దేశంలో ఒకేసారి 508 స్టేషన్లకి శంకుస్థాపన చేశారు. గోపురాల్లాంటి ముఖద్వారాలు, లిఫ్టులు, మెత్తటి కుర్చీలు. స్టేషన్ ఇంత బాగుంటే బండి త్వరగా రావాలని ఎవరు కోరుకుంటారు?

మా ఆవిడ కోరుకుంటుంది. కోరుకుని, రాకపోయేసరికి, మా బండికి విడాకులిచ్చేసింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి చాలా ఆర్టీసీ బస్సుల్లో టికెట్టుకి డబ్బక్కర్లేదు కదా. ‘‘పది రూపాయలిచ్చి ఆగివుండే బండెక్కడం ఎందుకండీ, డబ్బులివ్వకుండా కదిలే బస్సెక్కక?’’ అంటుంది. జవాబుందా? లేదు. అయినా నేను బండే ఎక్కుతాను. ఎప్పుడో ఒకనాడు వెనక ఎవరూ ఉండరు. ఆ రోజు చూడాలి మా మెమూని! నిడమానూరు, ఉప్పలూరు, ఇందుపల్లి ఇలా కళ్లముందు తిరిగిపోతాయి. పల్లీలమ్మేవాడు పొట్లం కట్టేలోపు గుడివాడ వచ్చేస్తుంది. అప్పుడు తెలుస్తుంది, ఇన్నాళ్లూ ఇది చేతకాక ఆగలేదని. దీనికి కావల్సింది కొత్త పేరూ కాదు, కొత్త నంబరూ కాదు. దారి.

అందుకే ఒక మనవి రాసి, పెట్టెలో అందరిచేతా సంతకాలు పెట్టించాలనుకున్నాను. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణాకి మన దేశంలో మొదటి ప్రయాణికుల బండి నడిచింది. ఇరవై ఒక్క తుపాకుల వందనంతో సాగనంపారు. ఆ రోజున దాని వెనక సూపర్‌ఫాస్ట్ లేదు, బొగ్గు బండి లేదు. దాటేవాళ్లు లేకుండా దర్జాగా పోయింది. ఆ గౌరవార్థం ఏటా ఏప్రిల్ 16న ప్యాసింజరు బళ్లన్నిటికీ మెయిన్ లైనివ్వాలి. మిగతావన్నీ లూప్‌లైన్లో నిలబడి చూడాలి. ఏసీ పెట్టెల్లో వాళ్లు దిగి మా ఊరి టీ తాగొచ్చు, కావాలంటే మా పేపర్లో వధూవరుల ప్రకటనలు చదువుకోవచ్చు. ఆ ఒక్కరోజుకీ 30 రూపాయల టికెట్టు పెట్టినా కిక్కురుమనం.

మాస్టారు కాగితం రెండుసార్లు చదివారు. అక్షరదోషాలు దిద్దారు. సంతకం మాత్రం పెట్టలేదు.

‘‘అన్నీ బాగున్నాయి బాబూ. కానీ ఆ తేదీకి రైల్వేవాళ్లు వేడుకలు పెట్టుకుంటారు. ఆ ఏర్పాట్ల కారణంగా ఆ రోజు మన బండి రద్దు చేస్తారు.’’