మూతగాజు పోయిన పలకను

నేను హీమోసైటోమీటర్‌ని. దళసరి గాజుపలకను, నడుమ రెండు చోట్ల సన్నని గీతల గళ్లున్నదాన్ని. మనిషి నెత్తురులో కణాల లెక్క కోసం పుట్టిన జాతి మాది. నా బతుకు మాత్రం పట్టుపురుగుల నెత్తురుతోనే గడిచింది.

హిందూపురం వైపు నుంచి తెచ్చిన ఐదో దశ పురుగుల్ని మంచు మీద ఉంచి, పొట్టకాలిని సూదితో గుచ్చేవారు. చల్లని గొట్టంలోకి లేత పసుపు చుక్క జారేది. అందులో హీమోగ్లోబిన్ లేదు, అందుకే ఎరుపూ లేదు. గొట్టంలో ముందే ఫినైల్‌థయోయూరియా వేయకపోతే కాసేపటికే నల్లబడేది. తక్కువ వేగంతో సెంట్రిఫ్యూజ్ తిప్పి, కణాలను వేరుచేసి, పలచన చేసి నా అంచున వదిలేవారు.

అప్పుడు చూడాలి నా గళ్లను! బ్యాక్టీరియాను మింగే గ్రాన్యులోసైట్లు, మింగుడుపడని పెద్ద శత్రువును పొరలుగా చుట్టేసే ప్లాస్మాటోసైట్లు, నెత్తురును నల్లబరిచే ఎంజైమును దాచుకున్న ఈనోసైటాయిడ్లు. యాంటీబాడీలే లేని ఆ చిన్న ప్రాణిని రోగాల నుంచి కాచేవాటిలో ఇవే ముఖ్యం. వాటిని లెక్కపెట్టించింది నేను! ఒక మిల్లీమీటరు గడిలో సగటున 30 కణాలుంటే, పది రెట్లు పలచన చేసిన నెత్తురైతే, మిల్లీలీటరుకు 30 లక్షలన్నమాట.

ఈ లెక్కంతా నా లోతు మీద నిలబడింది. గళ్లకూ మూతగాజుకూ నడుమ సరిగ్గా 0.1 మిల్లీమీటరు. నాతో వచ్చిన దళసరి మూతగాజును ఎవరో సింకులో పగలగొట్టారు. దాని బదులు మామూలు పలుచని కవర్‌స్లిప్ పెట్టారు. అది ద్రవం లాగితే వంగుతుంది. లోతు 0.08కి దిగితే 30 లక్షలు 24 లక్షలవుతాయి. పురుగుకు ఏమీ కాకపోయినా, దానిపై పరీక్షిస్తున్న మందు దెబ్బకు కణాలు చచ్చాయని రికార్డు పుస్తకంలో రాస్తారు. ఆ అబద్ధం నా గళ్లలోంచి వెళ్లిందే అన్న బాధ నాకు ఇప్పటికీ తీరలేదు.

కడగకుండా వదిలేసిన రాత్రులూ ఉన్నాయి. నెత్తురు ఎండి గీతలకు అతుక్కుంటే, మర్నాడు గరుకు గుడ్డతో రుద్దేవారు. డిస్టిల్డ్ వాటర్, కాస్త ఆల్కహాల్, మెత్తని లెన్స్ పేపర్ చాలు నాకు. అదీ చేయలేదు. కింది చోటనున్న గళ్ల గీతలు అలాగే అరిగిపోయాయి.

తర్వాత కణాలు లెక్కించే యంత్రం వచ్చింది. నన్ను పగిలిన స్లైడ్ల మధ్య సొరుగులో పడేశారు. నా పై చోటనున్న గళ్లు ఇంకా చెక్కుచెదరలేదు. సరైన మూతగాజు ఒక్కటి తెప్పిస్తే రేపే పనిలోకి దిగుతాను. దానికి ఇండెంట్ రాసేవాళ్లే లేరు.