నేను పెంచిన వోల్టేజీ

కరెంటు గురించి నాకు చాలా తెలుసనుకునేవాణ్ణి. నిజానికి తెలిసింది బిల్లు గురించే. డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు పెట్టించి, 78,000 రూపాయల సబ్సిడీ ఖాతాలో పడ్డాక నాకు ఒకటే యావ: ఎండ ఉన్నంతసేపూ బయటికి యూనిట్లు పోతూనే ఉండాలి. ఎంత పంపినా లైను పుచ్చుకుంటుందని నమ్మాను.

వేసవిలో సరిగ్గా మిట్టమధ్యాహ్నం ఇన్వర్టరు ఆగిపోవడం మొదలుపెట్టింది. వోల్టేజీ ఎక్కువైందని తెర మీద చూపించేది. అంత ఎండ వృథా అవుతోందని కడుపు మండిపోయి, ప్యానెళ్లు బిగించిన కుర్రాణ్ణి పిలిచి, ఇన్వర్టరు ఆగిపోయే వోల్టేజీ హద్దు పెంచెయ్యమన్నాను. "రూలు ఒప్పుకోదు సార్" అన్నాడు. కసిరి మరీ పెంచించాను. ఆ తర్వాత ఇన్వర్టరు ఆగలేదు.

కొన్నాళ్లకు పక్కింటి పిన్నిగారి ఫ్రిజ్ కాలిపోయింది. "ఇవన్నీ నీకు తెలుసు కదా నాయనా, ఎందుకిలా అయింది?" అని నన్నే అడిగారు. పాతదైపోయింది కదండీ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఆవిడ ఫిర్యాదు మీద లైన్‌మన్ వచ్చి మధ్యాహ్నం మీటరు పెట్టి చూశాడు. 230 ఉండాల్సిన చోట 260 దాటింది. అప్పుడతను చెప్పింది శ్రద్ధగా విన్నాను. మా ఇళ్లు లైను చివర ఉన్నాయి. సాయంత్రం అందరూ ఏసీలు వేస్తే చివర వోల్టేజీ పడిపోతుందని, వోల్టేజీని సర్దే ట్రాన్స్‌ఫార్మరు ట్యాపు ముందే కాస్త ఎక్కువలో పెట్టారు. మధ్యాహ్నం సగం ఇళ్లకు తాళాలు, వాడకం లేదు. నాలాంటి డాబాలన్నీ ఒకేసారి బయటికి తోస్తాయి. తొయ్యాలంటే ఇన్వర్టరు తన వోల్టేజీని లైను కంటే పైకి లేపాలి. ట్రాన్స్‌ఫార్మరు ఎంత దూరమైతే, తీగ ఎంత సన్ననిదైతే అంత ఎక్కువగా లేపాలి. ఒకవైపు ప్రవాహానికే వేసిన లైన్లివి.

వోల్టేజీ 110 శాతం దాటితే రెండు సెకన్లలోపు తప్పుకోవాలని కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2013 నిబంధనల్లోనే ఉంది. నా ఆదాయానికి అడ్డం అనుకున్న ఆ హద్దు పక్కింటివాళ్లకు కాపలా. ఆ ఫ్రిజ్ నా వల్లే పోయిందని ఎవరూ రుజువు చెయ్యలేదు, నాకు మాత్రం అనుమానం లేదు. పిన్నిగారికి ఉన్నదున్నట్టు చెప్పి, కొత్తది కొనిచ్చాను.

హద్దు దగ్గర తగ్గడం నష్టమే కాదు: స్కాట్లాండ్‌లోని ఆర్క్నీ దీవుల్లో 2009 నుంచే, సముద్రం కింది కేబుళ్లు నిండగానే గాలిమరల ఉత్పత్తిని కంప్యూటరు తగ్గిస్తోంది. అలా తగ్గడానికి ఒప్పుకోబట్టే కొత్త కేబులు లేకుండా మరిన్ని మరలకు చోటు దొరికింది. మా వీధికొస్తే, నా ఇన్వర్టరు సెట్టింగు మళ్లీ పాతదానికి మార్పించాను, ట్యాపు ఒక మెట్టు దించారు. నీళ్ల మోటారూ వాషింగ్ మెషీనూ ఇప్పుడు మధ్యాహ్నమే వేస్తున్నాం.

మీ ఇన్వర్టరు కూడా ఎండవేళ ఆగుతుంటే దయచేసి దాని హద్దు జోలికి వెళ్లకండి. ఆగిన వేళనూ అప్పటి వోల్టేజీనీ రాసిపెట్టుకుని కరెంటు ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి.