అంకె చెబుతారు, ఆట చెప్పరు

సిడ్నీ పడమట పారమాటాలోని స్టేడియంలో రగ్బీ లీగ్ మ్యాచ్ చూసి బయటికొస్తున్న కుర్రాళ్లలో ఎవరినైనా ఆపి, ఫలానా ఆటగాడు ఇవాళ ఎలా ఆడాడని అడగండి. నూట ఎనభై మీటర్లు పరిగెత్తాడంటాడు. ముప్ఫై ఎనిమిది టాకిల్స్ చేశాడు, రెండు మిస్సయ్యాయంటాడు. ఎదుటివాడు తగిలాక కూడా ముందుకు లాగిన పోస్ట్ కాంటాక్ట్ మీటర్లు ఎన్నో కూడా చెబుతాడు. అది సరేనయ్యా, ఎలా ఆడాడు అని మళ్లీ అడిగితే ఫోను తీసి చూపిస్తాడు. ఎనభై నిమిషాలు కళ్లెదుట జరిగిన ఆటకి ఫోనులో సాక్ష్యం వెతుక్కుంటున్నారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

నేను సిడ్నీ పడమటి శివార్లకి వచ్చింది డెబ్బైల చివర్లో. అప్పటికే ఈ ప్రాంతానికి ఊపిరి రగ్బీ లీగ్. ఇది మొదటినుంచీ కష్టజీవుల ఆట. ఆట కోసం పని మానుకున్న రోజుకి కూలి ఇవ్వాలా వద్దా అన్న తగవులో, 1895లో ఉత్తర ఇంగ్లండ్ క్లబ్బులు పాత రగ్బీ నుంచి విడిపోయి పెట్టుకున్నది. సిడ్నీలో 1908 నుంచి పోటీలు నడుస్తున్నాయి. జట్టుకి పదమూడు మంది. బంతి పట్టుకొచ్చేవాణ్ణి పట్టి ఆపడం టాకిల్. బంతి ఉన్న జట్టుకి ఆరు టాకిల్స్ దాకా గడువు. ఆలోగా అవతలి గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, నాలుగు పాయింట్లు. లేదంటే బంతిని దూరంగా తన్ని అవతలివాళ్లకి వదిలేయాలి. మన ఊళ్లో చెడుగుడు చూసి పెరిగినవాడికి ఇది కొత్తగా ఉండదు. ఒంటరిగా దూసుకొచ్చినవాణ్ణి ముగ్గురు నలుగురు కలిసి పట్టి ఆపడంలో ఉండే బలమూ, బుద్ధీ వాడికి ముందే తెలుసు.

నాకు ఆట చూడ్డం నేర్పింది మా వర్క్‌షాపులో పనిచేసే ఒక పెద్దాయన. పారమాటా జట్టు ఆడే కంబర్లాండ్ ఓవల్ మైదానం గట్టు మీద పక్కన కూర్చోబెట్టుకుని, "అదిగో, వాళ్ల వింగర్ వెనక్కి జరుగుతున్నాడు చూడు. స్టెర్లింగ్ తన్నబోతున్నాడని పసిగట్టాడు. ఇప్పుడు స్టెర్లింగ్ తన్నడు చూడు" అనేవాడు. నిజంగానే మా హాఫ్‌బ్యాక్ పీటర్ స్టెర్లింగ్ తన్నేవాడు కాదు. ఆయన నోటి వెంట అర్థంకాని మాట ఒక్కటి వచ్చిందా అంటే నాకు గుర్తు లేదు. ఎటు చూడాలో చెప్పేవాడు, ఎందుకు చూడాలో నాకే తెలిసేది. సోమవారం పనిలో టీ వేళ అంతా కలిసి తగువులాడుకునేవాళ్లం. రగ్బీ లీగ్ వీక్ పత్రిక ఆటగాళ్లకి పదికి ఇన్ని అని మార్కులేసేది. ఆ మార్కు వేసినవాడు మైదానంలో కూర్చుని చూసి వేశాడని మాకు తెలుసు కాబట్టి, వాడి చూపు తప్పని వాదించేవాళ్లం. చూసినవాడి మాటకి చూసినవాడి మాట అడ్డు. ఇవాళ్టి అంకెతో అలా పోట్లాడే వీలే లేదు. అది ఎవరి కన్నూ కాదు, కాబట్టి అదే చివరి తీర్పు అనుకుంటున్నారు.

మా రోజుల్లో లెక్కలు లేవని నేననడం లేదు. అసలు లెక్కలు మొదలుపెట్టింది ఆ తరమే. కోచ్ జాక్ గిబ్సన్ అమెరికా వెళ్లి, అక్కడి ఫుట్‌బాల్ కోచ్‌లు పనిచేసే తీరు చూసొచ్చాడు. ఎవరెన్ని టాకిల్స్ చేశారో లెక్కపెట్టించాడు. వీడియోలు చూపించి తప్పులు దిద్దాడు. కంప్యూటర్‌ని ఈ ఆటలోకి తెచ్చిన తొలివాళ్లలో ఆయనా ఒకడు. ఈస్టర్న్ సబర్బ్స్ జట్టుకి 1974, 1975లో, పారమాటాకి 1981, 1982, 1983లో టైటిళ్లు తెచ్చిపెట్టాడు. కానీ ఆ కాగితం డ్రెస్సింగ్ రూములోనే ఉండేది. ఎవడు అలసిపోతున్నాడు, ఎవడు టాకిల్ చేయకుండా తప్పించుకుంటున్నాడు అన్న ప్రశ్న ముందు కోచ్ మనసులో పుట్టేది, జవాబు కోసం లెక్క చూసేవాడు. ఇప్పుడు ప్రశ్న లేకుండానే జవాబులు చేతికొస్తున్నాయి. పారమాటా ఆటగాడు రే ప్రైస్ ఎన్ని టాకిల్స్ చేస్తాడో గట్టు మీద కూర్చున్న మాకు ఎవరూ చెప్పలేదు. పడిపోయిన ప్రతిచోటా లేస్తున్నవాడు అతనే అని అందరికీ కనిపించేది.

పారమాటా జట్టు పోటీలోకి వచ్చింది 1947లో. మొదటి టైటిల్ గెలిచింది 1981లో, న్యూటౌన్ మీద 20–11తో. ఆ రాత్రి మావాళ్లు కంబర్లాండ్ ఓవల్‌లోని పాత స్టాండ్‌ని తగలబెట్టారు. అది మంచి పని కాదు, ఆ రోజూ కాదు. కానీ ఆ జనం గుండెల్లో ఉన్న అంకె ఒక్కటే: ముప్ఫై నాలుగేళ్లు. వాళ్లు దాన్ని ఎక్కడా చదవలేదు, అనుభవించారు. 1976 ఫైనల్ మాన్లీ చేతిలో 13–10తో పోయింది. 1977 ఫైనల్ 9–9తో సమానమై, మళ్లీ ఆడితే సెయింట్ జార్జ్ 22–0తో చితగ్గొట్టింది. ఇవన్నీ మోసినవాళ్లు వాళ్లు.

1986 ఫైనల్ సంగతి చెప్పకుండా ఉండలేను. పారమాటా 4, కాంటర్‌బరీ 2. ఒక్క ట్రై కూడా లేదు, ఇరువైపులా పెనాల్టీ గోల్సే. ఇవాళ్టి పట్టికల్లో ఆ మ్యాచ్‌ని వేస్తే చప్పిడి ఆటని తేలుతుంది. ట్రై లేదు కాబట్టి ట్రై అసిస్ట్ లేదు.  అక్కడ కూర్చున్నవాళ్లకి మాత్రం ఎనభై నిమిషాలు కంటి మీద రెప్ప వాలలేదు. ఒక్క చేయి జారినా, ఒక్క అడుగు ఆలస్యమైనా ఏళ్ల శ్రమ పోతుందని మైదానంలోని ప్రతివాడికీ తెలుసు. ఆ తెలివిడి వాళ్ల టాకిల్స్‌లో కనిపించేది. పారమాటా ఆటగాళ్లు ప్రైస్‌కి, మిక్ క్రోనిన్‌కి అదే ఆఖరి మ్యాచ్. ఫైనల్లో మేటి ఆటగాడికిచ్చే క్లైవ్ చర్చిల్ మెడల్ ఆ ఏడాదే మొదలైంది, పీటర్ స్టెర్లింగ్‌కి వచ్చింది. మ్యాచ్ నడకనంతా ఒక మనిషి తన గుప్పిట్లో పెట్టుకోవడం ఎలా ఉంటుందో ఆ రోజు చూశాను. దానికి ఏ గడిలోనూ చోటు లేదు.

ఇప్పటి అంకెల సంగతికి వస్తాను, ఎందుకంటే వాటిని నమ్మేవాళ్లకి అవి ఎలా పుడతాయో తెలియడం లేదు. మీటర్లే తీసుకోండి. అవతలివాళ్లు తన్నిన బంతిని వెనక పట్టుకున్న వింగర్ ముందు ఖాళీ మైదానం ఉంటుంది. ఎవరూ తాకకముందే పాతిక మీటర్లు వచ్చేస్తాడు. ముందువరసలో ఉండే ప్రాప్ అలా కాదు, ముగ్గురు కాచుకుని ఉన్న చోటికి తెలిసి తెలిసి తల దూర్చి ఎనిమిది తొమ్మిది మీటర్లు సంపాదిస్తాడు. ఈ రెండూ ఒకే గడిలో పడతాయి. పైగా 1993 దాకా రక్షణ జట్టు అయిదు మీటర్లే వెనక్కి నిలబడేది, ఆ తర్వాత పదయింది. పరిగెత్తడానికి చోటే మారిపోయాక పాతవాళ్ల మీటర్లతో కొత్తవాళ్ల మీటర్లు పోల్చి, ఫలానావాడు ప్రైస్‌ని మించాడని చెప్పడం ఏం న్యాయం?

టాకిల్స్ లెక్క ఇంకా మోసం చేస్తుంది. బంతి ఎక్కువసేపు అవతలివాళ్ల దగ్గర ఉంటే మనవాళ్లకి టాకిల్స్ పెరుగుతాయి. అంటే చిత్తుగా ఓడుతున్న జట్టులో పెద్ద పెద్ద అంకెలు కనిపిస్తాయి. ఒకణ్ణి ముగ్గురు పడేస్తే, మొదట కాళ్లు పట్టి ఆపినవాడికీ, వచ్చి మీద వాలినవాడికీ తలా ఒకటి. మిస్సయిన టాకిల్ సంగతి చూడండి. లైను నుంచి ముందుకు ఉరికి, పాస్ వెళ్లాల్సిన దారి మూసేసి, అవతలివాణ్ణి జనంలోకి తిప్పి పంపినవాడు మనిషిని పట్టలేకపోయాడని ఎర్ర అంకె వేయించుకుంటాడు. నిజానికి ట్రై ఆపింది అతనే. అటువైపు అసిస్ట్ ఆఖరి పాస్ ఇచ్చినవాడిది. బంతి రాదని తెలిసీ ప్రాణం పెట్టి పరిగెత్తి, ఇద్దర్ని తనవైపు లాక్కుని, పక్కటెముకల మీద దెబ్బ తిన్నవాడికి సున్న.

కంప్లీషన్ రేటు అని ఇంకొకటుంది. ఆరు టాకిల్స్‌లో బంతి పారేసుకోకుండా సెట్ పూర్తి చేశారా లేదా అన్న లెక్క. భయపడుతూ, ఒక్క కొత్త పాస్ కూడా వేయకుండా, గీసిన గీతలో నడిచి బంతిని తన్నేసే జట్టుకి ఇది బ్రహ్మాండంగా ఉంటుంది. మా రోజుల ఆటగాడు ఆర్థర్ బీట్సన్ అంతటి భారీ మనిషి, నలుగురు మీద పడి లాగుతుంటే నిటారుగా నిలబడి, బంతి ఉన్న చేతిని పైకెత్తి, పక్కవాడు సరైన చోటికి వచ్చేదాకా ఆగి అప్పుడు వదిలేవాడు. అలా పట్టుబడుతూ ఇచ్చిన పాస్‌లు, అంటే ఆఫ్‌లోడ్‌లు, ఎన్నో పట్టిక చెబుతుంది. ఆ ఆగడం ఎంతసేపో, ఆ ఆగడంలో అవతలివాళ్ల కాళ్లు ఎలా తడబడేవో చెప్పదు. ఆ గొప్పంతా అక్కడే ఉంది.

ఇక పరిభాష. ఫుల్‌బ్యాక్, ఫైవ్ ఎయిత్, హాఫ్‌బ్యాక్, హుకర్ నలుగుర్నీ కలిపి స్పైన్ అంటున్నారు. ప్రాప్‌లూ లాక్‌లూ మిడిల్స్ అయ్యారు. సొంత గీత దగ్గర్నుంచి ముందుకు రావడం యార్డేజ్, రక్షణ ఉరుకు లైన్ స్పీడ్, వెనక పడి పరిగెత్తి కాపాడటం ఎఫర్ట్ ఏరియా. కోచ్‌కీ ఆటగాళ్లకీ ఈ మాటలు కావాలి, నేను కాదనను. రెండు టాకిల్స్ మధ్య దొరికే ఆ మూడు నాలుగు సెకన్లలో ఆజ్ఞ ఇవ్వాలంటే మాట పొట్టిగా ఉండాలి. కానీ కోచ్ ప్రెస్ ముందు చెప్పిన మాటని పొద్దున్నే టీవీలో విని, సాయంత్రానికి తన సొంత చూపులా అప్పజెప్పే అభిమానికి అది దేనికి? "మనవాళ్ల మిడిల్స్ యార్డేజ్‌లో గెలవలేదు" అన్న కుర్రాణ్ణి, ఏయే సందర్భాల్లో చూశావు నాయనా అని అడిగితే తెల్లమొహం వేశాడు. అతను చూడలేదు. ఆ మాట అతనికి చూడాల్సిన పని తప్పించింది.

దీనివల్ల నష్టపోయేది కొత్తవాళ్లు. వెస్ట్‌మీడ్, వెంట్‌వర్త్‌విల్, టూంగాబీ చుట్టుపక్కల ఇప్పుడు మన తెలుగు కుటుంబాలు ఎన్నో. పిల్లలు బడిలో ఈ ఆట పట్టుకుంటారు. తండ్రి కూడా వచ్చి స్టాండులో కూర్చుంటాడు, చుట్టూ ఈ మాటలు వింటాడు, తనకిది అందేది కాదని సెల్‌ఫోన్‌లో క్రికెట్ స్కోరు చూసుకుంటాడు. ఆయనకి కావలసింది "వాళ్ల వింగర్ వెనక్కి జరుగుతున్నాడు చూడు" అనే ఒక్క మనిషి. ఆ మనిషి నాకు దొరికాడు. ఆయనకి దొరకడం లేదు.

మా మనవడు మంచివాడు, ఆటంటే ప్రాణం. 2023 ఫైనల్ ఇద్దరం కలిసి చూశాం. పెన్రిత్ మీద బ్రిస్బేన్ 24–8తో ముందుంది, చివరి ఇరవై నిమిషాల్లోకి వచ్చేశాం. పెన్రిత్ ఆటగాడు జరోమ్ లువై భుజం దెబ్బతో వెళ్లిపోయాడు. అక్కడినుంచి నాథన్ క్లియరీ పెన్రిత్‌ని 26–24తో గెలిపించాడు. ఆఖరి ట్రై తనే వేశాడు. మావాడు ఆ పావుగంట ఫోను ముట్టుకోలేదు. మర్నాడు, "తాతయ్యా, క్లియరీ అడుగు మార్చాడు చూశావా, ఎదుటివాడి బరువు ఏ కాలి మీద ఉందో చూసి అటు కోశాడు" అన్నాడు. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. ఆ తర్వాత గణాంకాలు తీస్తే నేనూ కూర్చుని చూశాను. చూసినదాన్ని సరిచూసుకోవడానికి అంకె పనికొస్తుంది, ముందే కళ్లకి కట్టేస్తే పనికిరాదు.

కానీ మామూలు వారాల్లో వాడి చేతిలో, ఆటగాళ్ల అంకెల్ని బట్టి పాయింట్లు వచ్చే ఫాంటసీ జట్టు ఉంటుంది. వాడి స్నేహితుల చేతుల్లో అంతకన్నా చెడ్డది, పందెం యాప్. ఎవరు ట్రై వేస్తారు, ఎవరు ఎన్ని మీటర్లు దాటుతారు అన్నవాటి మీద డబ్బు పెడతారు. పందేలు మా రోజుల్లోనూ ఉన్నాయి. గుర్రాల మీద పెట్టేవాళ్లు, మ్యాచ్ మీద పెట్టేవాళ్లు. అప్పుడు ఒక్కో ఆటగాడి ఒక్కో అడుగునీ ముక్కలు కోసి అమ్మేవాళ్లు కాదు. 2024 నుంచి సీజన్‌ని లాస్ వెగాస్‌లో మొదలుపెడుతున్నారు, అమెరికాలో పందేల మార్కెట్ మీద చూపుందని ఆట పెద్దలే దాచకుండా చెప్పారు. అంకెలు ఇంత ముద్దొస్తున్నాయంటే కారణం ఆట మీద ప్రేమ ఒక్కటే కాదు.

మొన్న మా ముందు వరసలో ఒకడు, ఆటగాడు తూలుతూ లేస్తుంటే, డాక్టరు అతన్ని తలదెబ్బ పరీక్షకి తీసుకెళ్తుంటే, "హెచ్.ఐ.ఏ. ఫెయిలయితే నా పాయింట్లు పోయినట్టే" అని నెత్తి కొట్టుకున్నాడు. అక్కడ ఒక మనిషి మెదడు సంగతి.

1970 ఫైనల్లో సౌత్ సిడ్నీ కెప్టెన్ జాన్ శాట్లర్ మొదటి పది నిమిషాల్లోనే దవడ విరిగినా మ్యాచ్ ముగిసేదాకా ఆడి 23–12తో గెలిచాడు. మా తరం దాన్ని ఇప్పటికీ కథగా చెప్పుకుంటుంది. ఆయన 2023లో పోయారు, చివరి ఏళ్లలో డిమెన్షియాతో బాధపడ్డారు. కాంటర్‌బరీ హాఫ్‌బ్యాక్ స్టీవ్ మోర్టిమర్‌కీ అదే జబ్బు వచ్చింది. 1991 ఫైనల్లో రెండు ట్రైలు వేసి పెన్రిత్‌కి మొదటి టైటిల్ ఇచ్చిన రాయిస్ సిమన్స్, అల్జీమర్స్ బయటపడ్డాక, 2022లో కౌరా నుంచి పెన్రిత్ దాకా నడిచి పరిశోధనకి డబ్బు పోగుచేశారు. ఎవరి జబ్బుకి ఏది కారణమో తేల్చాల్సింది డాక్టర్లు, నేను కాదు. కానీ వాళ్లు ఆడిన రోజుల్లో తలకి తగిలిన దెబ్బలు ఎన్నని ఎవరూ రాసిపెట్టలేదు. మా రోజుల్లో లేక నిజంగా నష్టం చేసిన అంకె అదొక్కటే.

ఇప్పుడు రాస్తున్నారు. 2023 నుంచి కంకషన్ అని తేలినవాడు పదకొండు రోజులు ఆడకూడదన్న నియమమూ పెట్టారు. మరి స్టాండులో ఈ అంకె ఎవరి నోటా వినపడదేం? పోస్ట్ కాంటాక్ట్ మీటర్లు నోటికి వచ్చిన కుర్రాడికి, తను ప్రాణమిచ్చే ప్రాప్ ఈ సీజన్లో ఎన్నిసార్లు పరీక్షకి వెళ్లాడో తెలియదు. ఆ ఫాంటసీ యాప్‌లో ఎన్నో గడులున్నాయి. ఆటగాళ్లు ఒప్పుకుంటే ఇంకొక్క గడి పెట్టమనండి, ప్రతి పేరు పక్కనా. నా పక్కన కూర్చుని ఆ అంకె చదివి వినిపించండి, ఆట మొత్తం అయ్యేదాకా వింటాను.