ఇరవై మంది అమెరికా పెళ్లిపెద్దలు

ఆ క్లిప్పు మీకూ వచ్చే ఉంటుంది. రాలేదంటే మీకు చుట్టాలు లేరనుకోవాలి. భిలాయి తెలుగు గ్రూపుల్లో అది సెక్టారు సెక్టారూ తిరిగింది. నాకైతే ఒక్క ఆదివారమే ఏడుసార్లు వచ్చింది. ఏడోది మా పెద్దమ్మ పంపింది, ‘పిల్లలకి చూపించు నాయనా’ అని. కోటు వేసుకున్న వక్త చూపుడువేలెత్తి తేల్చేశాడు: బూతు వీడియోలు చూసేవాడు కట్టుకున్నదానికి కట్టుబడి ఉండడట. సైన్సు రుజువు చేసిందట. అమెరికాలోనట.

దెబ్బకి పెళ్లిచూపుల్లో కొత్త తంతు మొదలైంది. జాతకం కలిసిందా, జీతమెంత, స్టీల్ ప్లాంటులో పర్మనెంటా కాంట్రాక్టా అని అడిగాక, కాఫీ గ్లాసు కింద పెట్టి, ‘అబ్బాయి ఫోను ఒకసారి ఇలా ఇస్తారా?’ అంటున్నారు. అబ్బాయి అప్పటికే అంతా తుడిచేసి, వాల్‌పేపరుగా వెంకటేశ్వరస్వామిని పెట్టుకుని వస్తున్నాడు. అందరికీ తృప్తి.

నా ఒళ్లు మండించింది మాత్రం ‘రుజువు’ అన్న మాట. మా నాన్న ఇక్కడి స్టీల్ మెల్టింగ్ షాపులో ముప్పై ఏళ్లు చేశారు. శాంపిలు ల్యాబుకెళ్లి, కార్బన్ ఎంతో తేలి వస్తేగాని ఆయన హీటు, అంటే కొలిమిలో కరిగిన ఉక్కు, వదిలేవారు కారు. రైలు పట్టా లోపల కంటికి కనపడని పగులుందేమోనని అల్ట్రాసౌండ్ పెట్టి చూసే ఊరు ఇది. అలాంటి ఊళ్లో ఒక సంసారం పనికొస్తుందో రాదో మూడు నిమిషాల క్లిప్పుతో తేల్చేస్తున్నాం.

వక్త చూపించిన పేపరు నిజంగా ఉంది. 2012లో నథానియల్ లాంబర్ట్, మరికొందరు కలిసి ప్రచురించారు. అందులో ఐదు అధ్యయనాలున్నాయి. మొదటిది 367 మందిని అడిగి, ఎక్కువ చూసేవాళ్లలో కట్టుబాటు తక్కువగా కనిపించిందంది. సరే, కనిపించింది. చూడటం వల్ల తగ్గిందా, తగ్గడం వల్ల చూశారా అన్నది అలా అడిగితే తేలదు కాబట్టి మూడో అధ్యయనంలో ప్రయోగం చేశారు. ‘ప్రయోగం’ అనేటప్పుడు వక్త గొంతు గుడిగంటలా మోగింది. అందులో ఎంతమంది ఉన్నారో మాత్రం చెప్పలేదు. నేను చెబుతాను. 20 మంది.

ఇరవై. సాయంత్రం సివిక్ సెంటర్లో ఒక్క గుప్‌చుప్ (పానీపూరీ) బండి చుట్టూ అంతకన్నా ఎక్కువమంది దొన్నెలు పట్టుకుని నిలబడతారు. మా చెల్లి పెళ్లికి వడ్డించినవాళ్లే ఇరవై ముగ్గురు.

ఆ ఇరవై మందిలో కొందరిని మూడు వారాలపాటు ఆ వీడియోలు మానమన్నారు. మిగతావాళ్లని వీడియోలు మానమనకుండా, ఇష్టమైన తిండి మానమన్నారు. మూడు వారాలయ్యాక, మీ జంట మీద మీకెంత నిబద్ధత అని ప్రశ్నపత్రం ఇచ్చారు. తిండి మానినవాళ్లకి మార్కులు తక్కువొచ్చాయి. ఏమండీ, మా బావమరిదికి మూడు రోజులు చేపల పులుసు లేకుండా చేసి, ‘మా చెల్లి మీద నీకెంత ప్రేమ బాబూ’ అని అడిగి చూడండి! చెల్లి మీదే కాదు, ఆధార్ కార్డు మీద కూడా నిబద్ధత పోతుంది వాడికి. వీడియోలు మానినవాడి సంగతీ అంతే. ‘ఆమె కోసం ఇంత త్యాగం చేశాను’ అని వాడి ఛాతీ రెండంగుళాలు పొంగి, ఆ పొంగే మార్కులై ఉండొచ్చు కదా?

పోనీ వాళ్లేమైనా పాతికేళ్లు కాపురం చేసినవాళ్లా? కాలేజీ పిల్లలు. వాళ్లకిప్పుడు ముప్పై దాటి ఉంటాయి. తాము మూడు వారాలు తిండి మానిన పుణ్యాన ఛత్తీస్‌గఢ్‌లో ఖుర్సీపార్ అనే చోట ఒక శ్రీకాకుళం కుటుంబం కుదిరిన సంబంధం వదులుకుందని వాళ్లకి ఎవరు కబురు పెడతారు?

వక్త 1989 నాటి ఇంకో ప్రయోగం కూడా చెప్పాడు. పత్రికల్లో నగ్నచిత్రాలు చూసిన మగాళ్లకి భార్య మీద ప్రేమ తగ్గిందన్నది అది. అదే ప్రయోగాన్ని ఎక్కువమందితో మళ్లీ చేస్తే ఆ ఫలితం రాలేదని 2017లో వచ్చిన పేపరు ఆయన దాకా ఇంకా చేరినట్టు లేదు. 2018లో మన దేశంలో 827 బూతు సైట్లు మూయించారు. ఆయన లెక్కన ఈపాటికి ఇంటికో శ్రీరాముడు ఉండాలి.

‘అయితే ఏ హానీ లేనట్టేగా’ అని చంకలు గుద్దుకునే బ్యాచ్ ఒకటుంది. ల్యాబు రిపోర్టు రాలేదంటే ఉక్కు మంచిదని కాదురా నాయనా. 2018లోనే ఇద్దరు అమెరికా పరిశోధకులు, కొత్తగా చూడటం మొదలుపెట్టిన పెళ్లయినవాళ్లలో విడాకుల అవకాశం 6 నుంచి 11 శాతానికి పెరిగిందని చూపించారు. అది కొట్టిపారేసే సంగతి కాదు. కాకపోతే చూశాక సంసారం చెడిందో, చెడ్డాక చూశాడో తేల్చుకోవలసిన చిక్కు అక్కడా ఉంది.

మా వీధిలో ఒక కోడలు మొగుడి ఫోన్లో అవి చూసి ఏడ్చింది. తనకి చెప్పకుండా దాచాడని ఆమె బాధ. ఆ మాట ఎవరూ వినలేదు. పెద్దలొచ్చి క్లిప్పు చూపించి, ‘ఇక వీడు నీకు దక్కడు, సైన్సు చెప్పింది’ అన్నారు. వాణ్ణి కూర్చోబెట్టి ఒక్క ప్రశ్న వేయలేదు. ఆమె దగ్గర కూర్చుని ఒక్క మాట వినలేదు. ఇదే వీధిలో తాగొచ్చి పెళ్లాన్ని కొట్టేవాడి ఇంటికి ఈ పెద్దలే వెళ్లి ‘మగాడన్నాక, సర్దుకో అమ్మా’ అని చెప్పొచ్చారు. ఆ రోజు ఏ సైన్సూ గుర్తు రాలేదు వీళ్లకి. కట్నం లెక్కపెట్టేటప్పుడు రాలేదు. ఆడపిల్లను అడగడానికి ఒళ్లు బరువై అమెరికాను అడుగుతున్నారు. సిగ్గుండాలి.

ఈ కోపమంతా పెద్దమ్మ మీద పోయలేక, ఫోను చేసి ఆ పరిశోధనలో ఉన్నది ఇరవై మందేనని మర్యాదగా చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

‘ఇరవయ్యేనా?’ అంది చివరికి. ‘మీ పెదనాన్న తాగుతాడో లేదో కనుక్కోడానికి మా నాన్న నలభై మందిని అడిగాడురా. అందరూ లేదనే చెప్పారు.’