సాగరాభిమాని

సినిమా హీరోకి ఉన్నట్టే సముద్రానికీ ఒక అభిమాని ఉన్నాడు. వయసు ఇరవై నుంచి అరవై దాకా ఎంతైనా కావచ్చు. ఊరు విశాఖపట్నమే కానక్కర్లేదు. హైదరాబాద్‌లో సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, తెల్లవారేసరికి దిగి, మొహమైనా కడుక్కోకుండా ఆర్కే బీచ్‌కి ఆటో మాట్లాడుకునేవాడూ ఈ కోవలోవాడే. కురుసుర సబ్‌మెరైన్ ముందు ఒక ఫొటో, మోకాళ్ల దాకా నీళ్లలో దిగి ఒకటి, రెండు చేతులూ చాచి ఆకాశం కేసి చూస్తూ ఇంకొకటి. ఈ కార్యక్రమం ముగిసేదాకా ఆయన సముద్రాన్ని చూడడు. సముద్రం ఎప్పుడూ ఆయన వీపు వెనకే ఉంటుంది. తనకు సముద్రమంటే ప్రాణమని చెప్పుకుంటాడు. ఆ మాటను శంకించే పని లేదు, ప్రాణమే. కాకపోతే ఆ ప్రాణం వల్ల సముద్రానికి ఏం ఒరిగిందనేదే అడగాల్సిన ప్రశ్న. అభిమాని కటౌట్ మీద బిందెడు పాలు పోస్తాడు, దానితో హీరోకి దాహం తీరదు. సాగరాభిమాని సంగతీ అంతే. ఆయన చేసేవన్నీ సముద్రం పేరు మీదే చేస్తాడు, సముద్రానికి కావలసినవి మాత్రం వాటిలో కనబడవు. ఎందుకంటే సముద్రాన్ని కాపాడటమంటే ముప్పాతిక వంతు ఏదో ఒకటి చెయ్యకుండా ఉండటమే. పారెయ్యకుండా ఉండాలి, తొక్కకుండా ఉండాలి, దీపం వెయ్యకుండా ఉండాలి, పట్టకుండా ఉండాలి. ఆయనకు రాని విద్య సరిగ్గా అదే.

ఆయన ఆదివారం ఎలా గడుస్తుందో చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. మురీ మిక్చర్‌తో మొదలై, కాల్చిన మొక్కజొన్న పొత్తు మీదుగా మిరపకాయ బజ్జీల దాకా సాగుతుంది. మధ్యలో కొబ్బరిబొండం, చివర టీ. వీటి వెంట వచ్చే కప్పులు, కవర్లు, స్ట్రాలు ఆయన పారెయ్యడు. పారేసేవాళ్లంటే ఆయనకు మహా కోపం. వాటిని పక్కన పెడతాడు, అంతే. ఖాళీ బాటిల్‌ని ఇసుకలో నిటారుగా గుచ్చుతాడు, ఎవరో వచ్చి తీసుకెళతారని. ఆ ఎవరో గాలి. సిగరెట్ పీకను మరీ మర్యాదగా ఇసుకలోకి నొక్కి, పైన మట్టి కప్పుతాడు. దూది కదా, కుళ్లిపోతుందనుకుంటాడు. సిగరెట్ ఫిల్టర్ దూది కాదు, సెల్యులోజ్ అసిటేట్ అనే ప్లాస్టిక్. ప్రపంచవ్యాప్తంగా ఏటా తీరాలు శుభ్రం చేసి లెక్క రాసే జాబితాల్లో దశాబ్దాల తరబడి మొదటి స్థానం ఈ పీకలదే. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ కప్పులు, ప్లేట్లు, చెంచాలు, స్ట్రాల వంటివి దేశమంతటా నిషేధంలో ఉన్నాయి. ఆ నిషేధాన్ని గట్టిగా సమర్థించేవాళ్లలో మన అభిమాని ముందుంటాడు. "ఈ బండివాళ్లకి బుద్ధి లేదండీ, ఇంకా కవర్లలోనే ఇస్తున్నారు" అని వాపోతాడు. చేతిసంచీ తెచ్చుకోకుండా వచ్చి, ఆ బండివాణ్ణే కవరు అడిగి మరీ పుచ్చుకున్నాక వాపోతాడు.

హీరోకి పుట్టినరోజు వచ్చినట్టు ఈయన సముద్రానికీ ఏడాదికోసారి పండగ వస్తుంది. సెప్టెంబరులో మూడో శనివారం, అంతర్జాతీయ తీర స్వచ్ఛతా దినం. ఆ పొద్దున బీచ్ రోడ్డు మీద ఆయనను గుర్తుపట్టడం తేలిక. కొత్త టీషర్టు, కొత్త టోపీ, ఒక పూటకే పనికొచ్చే గ్లౌజులు, చేతిలో నీళ్ల బాటిల్. వెనకాల సముద్రాన్ని రక్షించమని వేడుకుంటూ ఒక ఫ్లెక్సీ. ఆ ఇసుకను రోజూ చీకటితోనే వచ్చి ఊడ్చే పారిశుద్ధ్య కార్మికురాలు ఫొటోలో పడుతోందని కాస్త పక్కకు జరగమంటారు. ఆవిడ జరుగుతుంది, ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆవిడవే కాబట్టి. 2022 ఆగస్టు 26న గోకుల్ బీచ్ నుంచి భీమిలి దాకా వేలాది మంది బారులు తీరి తీరం శుభ్రం చేశారు. ప్లాస్టిక్ ఫ్లెక్సీల మీద నిషేధాన్ని ప్రభుత్వం ప్రకటించిందీ ఆ రోజే. అంత పెద్ద ప్రయత్నం తర్వాత కూడా ఇసుక మళ్లీ అలాగే తయారయిందంటే లోపం చీపుళ్లలో లేదు. ఏరిన చెత్త కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి చేరుతుంది. ఏరడానికి తొడిగిన గ్లౌజులూ, ఏరేవాళ్లు తాగిన బాటిళ్లూ అదే లారీలో తోడు వెళతాయి. వచ్చే ఆదివారం మురీ మిక్చర్ బండి యథాస్థానంలో ఉంటుంది, అభిమానీ ఉంటాడు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది, న్యాయమైనదే. ఏమీ చెయ్యనివాళ్లు కోట్ల మంది ఉండగా, కాస్తో కూస్తో వంగి నాలుగు కవర్లు ఏరినవాణ్ణి వెక్కిరించడం సులువు. ఇలాంటి కార్యక్రమాల వల్లే కదా జనంలో కదలిక వచ్చేది! ఒప్పుకోవాల్సిందే. నిజానికి తీర స్వచ్ఛతకు ఆయన అనుకునేదానికంటే ఎక్కువ విలువే ఉంది. 1986లో అమెరికాలోని టెక్సాస్ తీరంలో ఈ సంప్రదాయం మొదలైనప్పుడు, అక్కడివాళ్లు చెత్త ఏరి ఊరుకోలేదు. ఏ వస్తువు ఎన్ని దొరికాయో కార్డుల మీద ఒక్కొక్కటే రాశారు. అందులోనే ఉంది కీలకం. ఫలానా తీరంలో స్ట్రాలు ఇన్ని, మూతలు ఇన్ని, వలముక్కలు ఇన్ని అని తెలిస్తే అవి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో పట్టుకోవచ్చు. ఏది ఆపాలో, ఎవర్ని అడగాలో తెలుస్తుంది. మన అభిమానికి లెక్కపెట్టే ఓపిక లేదు, తూకం మీద మోజు. "ఇన్ని టన్నులు తీశాం" అంటే పేపర్లో హెడ్డింగ్ వస్తుంది. "మూడొందల పన్నెండు టీ కప్పులు" అంటే రాదు. టీ కప్పుల లెక్క ఒక కప్పుల బండి దగ్గరకో, ఒక నిబంధన దగ్గరకో దారి చూపిస్తుంది. టన్నుల లెక్క కాపులుప్పాడ దాకా తీసుకెళ్లి వదిలేస్తుంది. కాబట్టి ఏరడాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు. అభ్యంతరమల్లా ఏరడంతోనే పని అయిపోయిందనుకోవడం మీద.

తాబేళ్ల దగ్గరకొచ్చేసరికి అభిమానం ప్రమాదకరం కూడా అవుతుంది. చలికాలం చివర్లో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి మన తీరాలకు వస్తాయి. ఒడిశాలోని రుషికుల్య, గహిర్మాత దగ్గర లక్షల్లో ఒక్కసారే వచ్చేవి, మనవైపు ఒక్కొక్కటిగా, రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా వస్తాయి. నూరు పైచిలుకు గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్లిపోతాయి. ఏడెనిమిది వారాలకు గుడ్డు పగిలి బయటపడిన పిల్లలు ఎటు వెలుతురు ఎక్కువగా ఉంటే అటు పాకుతాయి. అనాదిగా రాత్రివేళ తీరంలో ఆ వెలుతురు అలల వైపే ఉండేది. ఇప్పుడు బీచ్ రోడ్డు వైపూ, రిసార్టుల వైపూ ఉంది. కుక్కల నుంచి, నక్కల నుంచి కాపాడటానికి అటవీశాఖ గుడ్లను సేకరించి, కంచె వేసిన ఇసుకలో పొదిగించి, పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. ఆ కార్యక్రమానికి మన అభిమాని తప్పకుండా హాజరవుతాడు, సెల్‌ఫోన్ లైటు వేసుకుని. పాకలేక పాకుతున్న పిల్లను చూసి "అయ్యో పాపం" అంటూ చేత్తో ఎత్తి నీళ్లలో వేస్తాడు. పుట్టిన తీరాన్ని అది గుర్తుపెట్టుకోవడానికి ఆ ఇసుకలో నడక కూడా అవసరమన్న అభిప్రాయం శాస్త్రజ్ఞుల్లో ఉందని చెప్పినా చెవిన పడదు. మన దశావతారాల్లో మొదటి రెండూ నీళ్లలోవే. శ్రీకూర్మంలో తాబేలు రూపానికి నిత్యపూజ జరుగుతుంది. అక్కడికి వెళితే గర్భగుడిలో ఫొటోలు వద్దన్న మాటకు చేతులు కట్టుకుని ఒప్పుకునే పెద్దమనిషి, ఇసుకలో వద్దంటే మాత్రం హక్కుల గురించి మాట్లాడతాడు. ఆ జీవికి ఆయన చెయ్యగల గొప్ప సేవ లైటు ఆర్పి ఇంటికెళ్లడం. దానికి సాక్ష్యంగా చూపించడానికి ఏదీ మిగలదు, అదీ ఆయన బాధ.

ఇంత చెప్పాక ఆయన ఊరుకోడు, గట్టి వాదమే తీస్తాడు. తాబేళ్లు ఎక్కువగా చచ్చేది మరబోట్ల వలల్లో కదా! సముద్రంలో మురుగు కలిపేది నగరాలు కదా! పెద్దవాళ్లను వదిలేసి నా బిస్కెట్ కవరు మీద పడతారేం? ఇందులో నిజం చాలా ఉంది. తాబేలు ఊపిరితిత్తులతో గాలి పీల్చే జీవి. ట్రాల్ వలలో చిక్కి పైకి రాలేకపోతే ఊపిరాడక చస్తుంది. తాబేలు తప్పించుకునే దారి ఉండే పరికరాన్ని వలకు బిగిస్తే చాలావరకు ఆపవచ్చు. బిస్కెట్ కవరుకంటే ఇది ఎన్నో రెట్లు పెద్ద సమస్య. అయితే ఈ వాదం ఆయన్ని విడుదల చెయ్యదు, ఇంకా బిగిస్తుంది. పెద్దవాళ్లు కారణమైతే పెద్దవాళ్లనే అడగాలి. తన వార్డు మురుగు ఏ కాలవలో పడుతోంది, శుద్ధి అయ్యాకే సముద్రంలో కలుస్తోందా, హార్బర్లో పడవలకు ఆ పరికరాలు ఉన్నాయా లేవా అని కాగితం మీద రాసి అధికారులను అడగాలి. ఆ పని ఆయన చెయ్యడు. కాగితానికి బ్యాక్‌గ్రౌండ్‌లో అలలుండవు. పైగా మురుగు నగరానిదంటే ఆ నగరంలో ఆయన స్నానాలగదీ ఉంది. హైదరాబాద్ అభిమాని తనకూ ఇందుకూ సంబంధం లేదనుకుంటాడు. మూసీ నాలాలో పడ్డ కవరుకి గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్టు అక్కర్లేదు. వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసి, దారిలో ఆనకట్టలకు చిక్కుకోకుండా ఉంటే, హంసలదీవి దగ్గర సముద్రంలో దిగుతుంది. ఆయన సముద్రసేవకు రైలెక్కే అవసరమే లేదు, కాలనీ కాలవ చాలు.

ఆయన ఆఖరి అస్త్రం సరదా. బీచ్‌కి జనం వెళ్లేదే ఉల్లాసానికి, అక్కడ కూడా పాఠాలేమిటంటాడు. ఉల్లాసం వద్దనేవాళ్లు ఎవరూ లేరు. పిల్లలు అలలతో పరుగు పందెం పెట్టుకోవాలి, కార్తీక పౌర్ణమికి సముద్రస్నానం చెయ్యాలి, బజ్జీలూ తినాలి, బండివాళ్ల బతుకూ గడవాలి. కానీ సముద్రానికి వీపు చూపించేవాడికంటే మొహం చూపించేవాడికి దక్కే ఉల్లాసం ఎక్కువ. ఇసుకలో కన్నాలు తవ్వే తెల్లటి పీతలు ఎన్ని ఉన్నాయన్నదాన్ని బట్టి శాస్త్రజ్ఞులు తీరం ఆరోగ్యం అంచనా వేస్తారు. మనుషుల తొక్కిడీ బళ్ల తాకిడీ పెరిగినచోట అవి తగ్గిపోతాయి. ఆ కన్నాలు చూడటం తెలిసినవాడికి ఒక ఫర్లాంగు నడక గంటసేపటి వినోదం. ఇసుక మీద పాకే బాలబండి తీగ గాలికి ఇసుక కొట్టుకుపోకుండా పట్టి ఉంచుతుందని తెలిస్తే, దాని మీదుగా జీపు నడపడంలో హీరోయిజం కనబడదు. తీరం వెంట బతికే జాలరి కుటుంబాలు సముద్రాన్ని గంగమ్మ అంటారు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పు తీరంలో మరబోట్ల వేట బందు, చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి. జాలర్లంతా పుణ్యాత్ములని దీనర్థం కాదు. వలల పాపం వలలకుంది. ప్రభుత్వం భృతి ఇచ్చినా అది రాబడికి సరితూగదు. అయినా కూడు పెట్టే పనిని రెండు నెలలు ఆపుకునే ఏర్పాటు అది. కాలక్షేపానికి వచ్చినవాడు ఒక్క కవరు, ఒక్క ఫ్లాష్, ఒక్క జీపు ఆపుకోలేనంటే సరదా అనే మాట చాటున బద్ధకం దాక్కున్నట్టే.

రుషికొండ బీచ్ ఈ వాదాన్ని కళ్లకు కట్టిస్తుంది. 2020లో దేశంలోని మరో ఏడు బీచ్‌లతో పాటు దానికి బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. కోపెన్‌హేగన్ కేంద్రంగా ఉన్న సంస్థ ఇచ్చే ఆ జెండాకు 33 ప్రమాణాలున్నాయి. నీటి పరీక్షలు, మరుగుదొడ్లు, చెత్తబుట్టలు, ప్రాణరక్షకులు, సమాచార బోర్డులు, అన్నీ రోజువారీ విసుగు పనులే. 2025 ఆరంభంలో నిర్వహణ సడలిందని ఆ గుర్తింపు కొన్నాళ్లు పోయింది; సరిచేశాక మళ్లీ వచ్చింది. జెండా వచ్చినప్పుడు సెల్ఫీ దిగినవాళ్ల ప్రేమ దాన్ని నిలబెట్టలేకపోయింది. దాన్ని తిరిగి తెచ్చింది ఊడ్చేవాళ్లూ, కొలిచేవాళ్లూ, తనిఖీ చేసేవాళ్లూ. అలాగని అభిమానిని బీచ్ నుంచి తరిమెయ్యమనడం తెలివితక్కువతనం. ఈ కథలో అంత సంఖ్యాబలం ఇంకెవరికీ లేదు, ప్రభుత్వాలు వినేది సంఖ్యాబలం మాటే. సెప్టెంబరు శనివారం టీషర్టు తొడుక్కున్నవాళ్లలో పదోవంతు మంది సోమవారం నాడు మున్సిపల్ ఆఫీసుకి వెళ్లి మురుగు కాలవ సంగతి అడిగితే, ఆ ఏడాది ఏరిన టన్నులన్నిటికంటే ఎక్కువ పని జరుగుతుంది. అప్పుడాయనకు అభిమాని హోదా పోయి, పన్ను కట్టే పౌరుడి హోదా మిగులుతుంది. అందులో ఫొటోలు ఉండవు, చప్పట్లు ఉండవు, బల్ల దగ్గర గుమాస్తా భోజనానికి వెళ్లి ఉంటాడు కాబట్టి ఇంకోసారి రావాల్సి వస్తుంది. ఆ ఇంకోసారి కూడా ఆయన వెళితే, సముద్రమంటే ప్రాణమన్న మాటను మనం నమ్మవచ్చు.