మనాలి–లేహ్ దూరసూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: మనాలి నుండి లేహ్‌కు గాలిదారిన 215 కి.మీ., విమానంలో 16 నిమిషాలు. రోడ్డున 428 కి.మీ., కారులో 7 గంటలు.

ప్రతిపదార్థం: మనాలి నుండి = హిమాచల్ ప్రదేశ్‌లో, బియాస్ నది ఒడ్డున ఉన్న ఊరి నుండి; లేహ్‌కు = లద్దాఖ్‌లో పదకొండున్నర వేల అడుగుల ఎత్తున ఉన్న ఊరికి; గాలిదారిన = పటం మీద స్కేలు పెట్టి గీసిన గీత వెంట; 16 నిమిషాలు = 215ను గంటకు 800 చొప్పున భాగించగా వచ్చిన ఫలం; 7 గంటలు = కొండలు లేవనుకొని కట్టిన లెక్క.

అన్వయం: ఈ వాక్యంలో కర్త లేడు. పదహారు నిమిషాల్లో చేరేది ఎవరు? విమానమే కర్త అందామా, మనాలిలో విమానాశ్రయం లేదు. దగ్గరిది భుంతర్, సుమారు 50 కి.మీ. దక్షిణాన. లేహ్ ఉత్తరాన. ఎగరదలచినవాడు ముందు గమ్యానికి వీపు చూపాలి. ఆపైన ఢిల్లీ దాకా దిగి, ఇంకో విమానమెక్కి, వదిలి వచ్చిన కొండలనే మళ్ళీ దాటాలి. ఇందులో అపూర్వమేమీ లేదు. మేఘసందేశంలో యక్షుడు సాక్షాత్తు మేఘాన్నే, చుట్టయినా సరే ఉజ్జయిని మీదుగా పొమ్మన్నాడు. దానికి సంజీవని వ్యాఖ్య రాసిన మన కోలాచలం మల్లినాథసూరి ఆ చుట్టుకు టిక్కెట్టు కొనవలసి రాలేదు.

పోనీ పక్షి? తల మీద నల్లచారలుండే ఒక బాతు లద్దాఖ్ చెరువుల దగ్గర పిల్లల్ని చేసి, చలికాలానికి హిమాలయాలు దాటి మైదానాలకు దిగుతుంది. దారి దానికి సరిపోతుంది గాని వేగం సరిపోదు. కాబట్టి కర్త శూన్యం.

పాఠాంతరం: ప్రాచీన ప్రతులలో 428కి బదులు 474 అని కనిపిస్తుంది. లేఖక దోషం కాదు. రోహ్‌తాంగ్ కింద తొలిచిన 9.02 కి.మీ. అటల్ సొరంగం 2020 అక్టోబరు 3న ప్రారంభమై 46 కి.మీ. మింగేసింది. గ్రంథపరిష్కరణకు కొండను తవ్విన సందర్భాలు అరుదు.

తాత్పర్యం: రోడ్డున పోయేవాడు బారాలాచా, లాచుంగ్, తంగ్లాంగ్ కనుమలను ఎక్కి దిగాలి. చివరిది పదిహేడు వేల అడుగులు దాటినది. నడుమ గాటా లూప్స్ అనే చోట ఇరవయ్యొక్క మెలికలు. అక్కడ గంట నడిచిన బండి ఎంత దూరం వెళ్ళిందో తెలియాలంటే పక్కకు కాదు, కిందికి చూడాలి. తాండి పెట్రోలు బంకు దగ్గర తరువాతి బంకు 365 కి.మీ. అని పెట్టిన బోర్డు ప్రసిద్ధం. ఈ శాస్త్రంలో అంత నిజాయతీగల వాక్యం మరొకటి లేదు. ఏడు గంటలను రెండు రోజులుగా గ్రహించాలి. శీతకాలంలో మంచు పడి దారి మూతపడితే, నెలలుగా.

శంక: ఢిల్లీ మీదుగా ఎగిరినవాడు ముందే చేరతాడు గదా? చేరతాడు. గాలి పలుచన గనుక ఒకటి రెండు రోజులు కదలకుండా పడుకొమ్మంటారు వైద్యులు. ఆ మంచాన్ని కూడా ప్రయాణంలో కలుపుకోవాలి.

ఛందస్సు: యతిస్థానం జిస్పా. దాన్ని కాదని సర్చులో యతి వేసేవారూ ఉన్నారు. అది పద్నాలుగు వేల అడుగుల ఎత్తు. తెల్లవార్లూ తలపోటు, వాంతి. లక్షణకారులు దీన్ని యతిభంగమనే అంటారు.